కింది వరస రైఫిలు

మధ్యాహ్నం రెండూ నలభైకి భార్య చూసేసరికి, ఎయిర్ రైఫిళ్ళ మెకానిక్ తన వర్క్‌షాపులోనే చచ్చి పడి ఉన్నాడు.

బల్ల మీది వైస్‌లో రైఫిలు బిగించే ఉంది. గాలి గొట్టానికి మూత లేదు. లోపలి ప్రెషర్‌కి ఎగిరిన ఆ ఇత్తడి మూత అతని గొంతు చీల్చి, గోడ పెచ్చు లేపి, బల్ల కింద పడింది.

నాలుగున్నరకల్లా మెకానిక్ తమ్ముడు లాకప్‌లో ఉన్నాడు.

మర్నాడు పదకొండింటికి ఎస్సై మళ్ళీ వచ్చాడు. వెనకాలే హెడ్ కానిస్టేబుల్.

"ఇంకా ఏముంది సార్? అరటిపండు ఒలిచిపెట్టినట్టుంటే!" అన్నాడు హెడ్డు.

నిజమే. అన్నదమ్ములిద్దరిదీ ఒకే షాపు. వేరే షాపు పెట్టుకుంటానని తమ్ముడు ముందురోజే గొడవపడ్డాడు. పనిముట్లు తీసుకెళ్ళడానికి ఒంటిగంటా నలభైకి వచ్చాడు. మూత ఎగిరిన చప్పుడు పక్కింటావిడ విన్నది రెండూ ఇరవైకి. రైఫిలు మీద మెకానిక్‌వి తప్ప ఇంకెవరి వేలిముద్రలూ లేవు. శుభ్రంగా తుడిచేసి ఉంది.

షాపు పద్ధతి చెప్పింది కూడా తమ్ముడే. గోడకి రెండు వరసల కొక్కేలు. పైవరసలో గాలి ఉన్నవి. ఆ రోజు విప్పాల్సినవాటిని అన్న పొద్దున్నే ఇసుక బస్తాలోకి పేల్చి, ఖాళీ చేసి కిందివరసలో తగిలించేవాడు. మధ్యాహ్నం పేలిస్తే పక్కగదిలో మంచాన ఉన్న తల్లి ఉలిక్కిపడుతుంది. గాలి ఉన్నదాన్ని కిందికి మార్చిందెవరని అడిగితే మాత్రం తమ్ముడు నోరు కుట్టేసుకున్నాడు.

"వాణ్ణి వదలకండి సార్," అంది భార్య. "పదేళ్ళు నా చేతి అన్నం తిన్నాడు."

రైఫిలుకి కట్టిన చీటీ ఎస్సై చదివాడు. మెకానిక్ రాతే. 'గేజి ముల్లు సున్నా దగ్గర ఇరుక్కుంది. మూత మర బిగుసుకుంది. ప్రెషర్ పాకుతోంది. దుమ్మా? మూడోసారి.'

గేజిని నమ్మడానికి లేదు. మూత గట్టిగా ఉన్నా మర బిగుసుకుందనే అనుకుంటాడు. ఇక అతను నమ్మింది కొక్కేన్నే.

"ప్రెషర్ పాకడం అంటే ఏంటమ్మా?"

"గాలి రెగ్యులేటర్ నూటముప్ఫై బార్ దగ్గర ఆగాలట సార్. లోపల వాల్వు కూర్చునే సీటు మీద చిన్న నలుసున్నా ఆగదట. కాసేపుంచితే నూటయాభైకి పాకుతుందట. దాంతో మొదటి గుండు గురి తప్పి పైకి పోతుందట. స్క్రూ తిప్పి తిప్పి సరిచేశాడు, మళ్ళీ అదే. ఈ గది దుమ్ము నా ప్రాణం తీస్తోందే అని వారమంతా సణుగుడే."

ఎస్సై కిటికీ ఊచల మీద వేలు రాశాడు. దుమ్ము లేదు. స్టూలెక్కి గడియారం నెత్తిన రాశాడు. అక్కడా లేదు.

అక్కణ్ణించే గోడకున్న రైఫిళ్ళు ఒక్కొక్కటీ చూశాడు. తర్వాత దిగి, తమ్ముణ్ణి తీసుకురమ్మని స్టేషన్‌కి ఫోన్ చేశాడు.

పన్నెండింటికి నలుగురూ ఆ గదిలో ఉన్నారు. వదిన మరిది మొహం చూడలేదు.

"చంపేవాడు ఒక్క రైఫిలు మీద ముద్రలు తుడుస్తాడు," అన్నాడు ఎస్సై. "ఇక్కడ ఎనిమిది రైఫిళ్ళూ తుడిచి ఉన్నాయి. ఊచలూ తుడిచి ఉన్నాయి. గడియారం నెత్తి ఏ హంతకుడూ తుడవడు. ఈ గది ఎవరు తుడిచారు?"

"నేనే సార్!" అన్నాడు తమ్ముడు గబుక్కున.

"నిన్నడగలేదు."

"వాడెందుకు తుడుస్తాడు?" అంది భార్య విసుగ్గా. "నేనే తుడిచాను. ఆయన అన్నం తింటున్నప్పుడు. మామూలుగా నన్ను ఈ గదిలోకి రానివ్వడు. చూసి సంతోషిస్తాడు కదా అని చెప్పకుండా..."

"రైఫిళ్ళు దించారా?"

"దించి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టాను."

"ఎక్కడివి అక్కడేనా?"

"కొక్కేలేగా సార్, ఏది ఖాళీగా ఉంటే..."

"సార్, వద్దు," అన్నాడు తమ్ముడు. "నన్నే ఉంచెయ్యండి. దండం పెడతాను."

ఎస్సై చెప్పాడు. పైవరస అంటే ఏమిటో, కిందివరస అంటే ఏమిటో, వీలైనంత మెల్లగా.

ఆమె ఏడవలేదు. మొదటిసారి మరిది వైపు తిరిగింది.

"నువ్వు చూశావా?"

"తుడుస్తుంటే చూశాను వదినా. దుమ్మే కదా అనుకుని వెళ్ళిపోయాను. ఆగి ఉంటే..."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను?"

హెడ్డు తలుపు వైపు తిరిగాడు. నిన్నటిదాకా నలుగురు కలిసి బతికిన ఇల్లు. ఇక ఎవరిని వదిలిపెట్టీ ప్రయోజనం లేదని ఎస్సైకి తెలుసు.

"ఆయనకి తెలిసిందా సార్? నేనేనని?"

"లేదమ్మా," అన్నాడు ఎస్సై. "దెబ్బ తగిలిన క్షణంలోనే పోయాడు."

పోస్ట్‌మార్టం రిపోర్టులో అలా లేదు.

"నేనొచ్చేసరికి ఆయన బల్ల దగ్గర లేడు సార్," అందామె. "గోడ దాకా పాక్కుంటూ వచ్చాడు. కిందివరసలో మిగిలినవాట్లో ఒకటి దించి, ఇసుక బస్తా మీద పెట్టుకుని ఉన్నాడు. అందులో గాలి ఉందో లేదో చూసుకున్నాడు."

అప్పుడామె నేలమీద కూర్చుంది.