తేనెతాడు పిలుపు

గుండ్లకోన రాజ్యానికి నీళ్లొచ్చే దారి ఒక్కటే. ఆ కనుమలో చేటచెవుల రాక్షసుడు కాపురం పెట్టాడు. నీళ్లు వదలాలంటే రాజు ఒక ఒప్పందానికి తలొగ్గవలసి వచ్చింది. ఐదేళ్లు నిండేనాటికి తనవాళ్లను పిలవగలిగిన బిడ్డ మనుషుల బిడ్డ, పిలవలేని బిడ్డ రాక్షసుడి సొత్తు. మనుషుల బిడ్డ మీద చెయ్యి వేస్తే మాత్రం వాడి బలమంతా పోతుంది. ఐదేళ్లొచ్చీ అమ్మా అనని పిల్లలుంటారా అనుకుని రాజు ఒప్పుకున్నాడు.

ఉన్నారు. తేనెపట్లు కొట్టి బతికే బయ్యమ్మ కూతురు గురివికి మూడు రోజుల్లో ఐదేళ్లు నిండుతాయి. ఆ పిల్ల ఒక్క మాట పలకలేదు. పేరుపెట్టి పిలిస్తే తిరిగి చూడదు. మునివేళ్ల మీద నడుస్తుంది, పూటంతా మూకుడుమూత గిర్రున తిప్పుకుంటూ కూర్చుంటుంది. మాటలు రావాలంటే వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయమన్నారు ఊరివాళ్లు. ఒకరు పొద్దునన్నారు, ఒకరు సాయంత్రమన్నారు. బయ్యమ్మ రెండుపూటలా రాసింది. నాలుక పొక్కిన పిల్ల అమ్మ వేలు కనబడితేనే నోరు బిగించడం మొదలుపెట్టింది. బిడ్డతో నాలుగు మాటలాడితే అదే నేర్చుకోదా అని అత్త దెప్పిపొడిచింది. ఆనాటి నుంచి బయ్యమ్మ నోరు మూసింది లేదు.

ఏనుగుబండ చరియకు మాటలిచ్చే తేనెపట్టు ఉందని విని, ఆమె బిడ్డతో అడవిలోకి నడిచింది. పిల్ల ఎటూ పరుగెత్తకుండా, తేనె కొట్టడానికి చరియల్లోకి దిగే తేనెతాడు ఒక కొస దాని నడుముకు, ఒక కొస తన నడుముకు కట్టుకుంది. దారి పొడుగునా నెమలి అను, రాయి అను, అమ్మ అను అని పోరుతూనే ఉంది.

రెండోనాడు వాగుకు అడ్డంగా ఒక మొద్దు పడి ఉంది. దాని మీదుగా దాటబోతుంటే గురివి తాడు పట్టి వెనక్కి లాగింది. మొండికేస్తోందని బయ్యమ్మ విసుక్కుని బిడ్డను ముందుకు ఈడ్చింది. కాలు మోపగానే మొద్దు కదిలింది. అది కొండచిలువ. గదంత తల లేచేలోగా బిడ్డను చంకనేసుకుని ఆమె ముళ్లలో పడి పరుగెత్తింది.

ఆ పరుగు ఒక ముని గుహ ముందు ఆగింది. ఆయాసపడుతూనే ఆమె గురివిని దండం పెట్టమంది, సామీ అనమంది.

ముని నవ్వాడు. "వచ్చినప్పట్నించి నువ్వే మాట్లాడుతున్నావు తల్లీ. బిడ్డ వంతు ఎప్పుడు?"

బయ్యమ్మకు కోపం వచ్చింది. "మాటలే లేనిదానికి వంతేమిటి సామీ? రేపటికి దాన్ని రాక్షసుడు ఎత్తుకుపోతాడు."

తేనె ఉన్నమాట నిజమేనన్నాడు ముని. రాస్తే మాటలొస్తాయి, అయితే అవి తేనె మాటలే తప్ప పిల్లవి కావన్నాడు. ఎవరివైతేనేం, బిడ్డ దక్కితే చాలనుకుని ఆమె కదిలింది.

మరునాడు మధ్యాహ్నానికి ఏనుగుబండ చేరారు. బయ్యమ్మ బిడ్డ నడుము నుంచి తాడు విప్పి మద్దిచెట్టుకు బిగించి, గురివిని ఆ మొదట్లో కూర్చోబెట్టి, కుండతో చరియలోకి దిగింది. తేనె కొట్టేవాళ్లు తాడు మీద ఉన్నంతసేపు నోరు విప్పరు. ఊపిరి సోకితే ఈగలు లేస్తాయి. పైనున్నవాళ్లు మూడుసార్లు తాడు లాగితే వెంటనే పైకి రమ్మని అర్థం. ఎన్నాళ్లకో బయ్యమ్మ నోరు మూతపడింది. పట్టు కోసింది. తేనె కుండలోకి కారసాగింది.

తాడు కదిలింది. ఒకటి. రెండు. మూడు.

పైన ఉన్నది గురివి ఒక్కతే. తేనె కొట్టేచోట కూర్చుని ఆ సైగ ఎన్నిసార్లు చూసిందో. నిన్నటి వాగు బయ్యమ్మకు గుర్తొచ్చింది. ఎక్కాలంటే రెండు చేతులూ కావాలి. కుండ వదిలేసింది. ఈగలు కుడుతున్నా పంటి బిగువున పైకి ఎగబాకింది.

రాక్షసుడు మద్దిచెట్టు పక్కన నిలబడి ఉన్నాడు. గురివి తాడు వదల్లేదు.

"పొద్దు వాలింది, గడువు తీరింది. ఇంతేసి చెవులతో విన్నాను, ఒక్క పలుకూ లేదు. ఇది నాది" అన్నాడు.

"పిలిచింది నిన్ను కాదు, నీకెందుకు వినబడుతుంది?" అంది బయ్యమ్మ, ఊపిరి అందక.

"తాడు లాగితే పిలుపా?"

"కొండ కింద ఉన్నదాన్ని పైకొచ్చి నీ ముందు నిలబడ్డా. ఎవరూ పిలవకుండానే వచ్చానంటావా?"

వాడు పకపకా నవ్వి గురివి భుజం పట్టుకున్నాడు. పట్టిన చెయ్యి పట్టినట్టే ఎండిపోయింది. చెవులు వాడిపోయిన తామరాకుల్లా వేలాడాయి. కుందేలంత అయ్యి పొదల్లోకి దూరిపోయాడు. దూరంగా కనుమలో నీళ్లు హోరెత్తాయి.

మళ్లీ దిగడానికి ఇంకా వెలుగుంది, పట్టులో తేనె ఉంది. బయ్యమ్మ ఒక్కసారి కిందికి చూసి, తాడు చుట్టి భుజాన వేసుకుంది.

రాజు సిగ్గుపడి తానే వాళ్ల గుడిసెకు వచ్చాడు. ఏ బిడ్డకూ ఇక పరీక్ష పెట్టబోమని ఊరందరి ముందు మాటిచ్చాడు. గురివి ఆయన మొహం చూడలేదు. నేరుగా వచ్చి ఆయన చూపుడువేలు పట్టుకుని లాక్కుపోయింది. పరివారమంతా బిత్తరపోయింది. పిల్ల రాజు చేతిని నీళ్లకుండ మీద పెట్టి నిలబడింది.

అత్త ఏదో అనబోతే బయ్యమ్మ చేయెత్తి ఆపింది. రాజు కాసేపు కుండను చూశాడు, పిల్లను చూశాడు. తర్వాత నడుం వంచి, ముంత ముంచి అందించాడు.

గురివి గటగటా తాగి, ఖాళీ ముంత మళ్లీ ఆయన చేతిలోనే పెట్టింది.