తడిగోడ మీద పదకొండు సెకన్లు

రెండువందల పన్నెండో మట్టిపెళ్ల కూడా గరగరమందే తప్ప మాట్లాడలేదు.

డాక్టర్ పొన్నాడ వకుళ చెవులకున్న హెడ్‌ఫోన్స్ ఊడబీకి బల్ల మీద పడేసింది. ఎనిమిదేళ్ళ విసుగు ఉంది ఆ పడేయడంలో. గాజుపెట్టెలో లేజర్ కిరణం మాత్రం ఏమీ పట్టనట్టు పెళ్ల మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

వేల్స్ కొండల్లో డిన్ మారన్ అనే కోట ఉంది. కోటంటే రాతి బురుజులు కావు. కొండ నెత్తిన మట్టిగట్లు, వాటి లోపల ఒకప్పుడు గుండ్రటి ఇళ్ళు. రోమన్లు రాకముందు అక్కడ బ్రిటన్లు కాపురముండేవారు. ఇంగ్లీషు భాష బ్రిటన్ దీవిలో అడుగుపెట్టడానికి చాలా ముందటి మనుషులు. చదువంతా నోటితోనే దాచుకున్నారు, పుస్తకమంటూ రాసుకోలేదు. ఆనాటి వాళ్ళ గురించి మనకు తెలిసిందల్లా దాదాపుగా వాళ్ళను జయించిన రోమన్లు రాసిపెట్టిందే. వకుళకు ఆ రోమన్ల మాట అక్కర్లేదు. ఆ ఇళ్ళలోని మనుషుల మాట కావాలి.

అందుకే 'మట్టిపలుకు' యంత్రాన్ని తయారుచేసింది. దాని సూత్రం సులువు. తడక మీద తడిమట్టి మెత్తుతూ మనిషి మాట్లాడితే, ఆ గొంతు వణుకు ఎముకల గుండా వేళ్ళలోకి దిగుతుంది. వేలు లాగిన చారలో కంటికి కనపడనంత సన్నగా అచ్చవుతుంది. మామూలు గోడలో అది కొన్నాళ్ళకి చెరిగిపోతుంది. ఇల్లు గనక తగలబడితే మట్టి ఇటుకలా కాలి, చార అలాగే నిలిచిపోతుంది. డిన్ మారన్ ఇళ్ళు తగలబడ్డాయి. వాటి గోడల పెళ్లలు నాలుగువేలు దొరికాయి.

చిక్కంతా ఒక్కచోటే. చారలో ఏది గొంతో, ఏది చెయ్యి జారడమో యంత్రానికి తెలియదు. బతికున్న మనుషుల చేత మట్టి మెత్తిస్తూ, వాళ్ళ మాటలు రికార్డు చేసి, రెండూ పక్కపక్కన పెట్టి నేర్పాలి. ఆ పనికి కొండ కింది ఊళ్ళో నలుగురైదుగురే వచ్చేవారు. వాళ్ళలో నెస్టా ఒకతి. డెబ్భై ఏళ్ళ మనిషి, కొండవాలు మీద గొర్రెలు మేపుకుంటుంది. మట్టిలో చెయ్యి పెట్టిందంటే చాలు, పొట్టేలు కంచె దూకిన సంగతి మొదలుకొని చర్చిలో ఎవరు నిద్రపోయారన్నదాని దాకా ఏకధాటిగా చెప్పేది.

"ఇంకా ఏమీ లేదా?" గుమ్మంలోంచి అడిగాడు ఎల్విన్. వారసత్వ సంఘం అధ్యక్షుడు, పరిశోధనకు దన్నుగా నిలబడ్డవాడు. "మ్యూజియం సెప్టెంబరులో తెరుస్తున్నాం డాక్టర్. ఒక రాజు చాలు. రాజు దొరక్కపోతే ఒక కవి."

"రాజులు గోడలు మెత్తరు ఎల్విన్."

"మీరు ప్రతిసారీ అదే అంటారు," అన్నాడతను నొచ్చుకుని.

అతను వెళ్ళాక ఆ కోపంలోనే రెండువందల పదమూడో పెళ్లను పెట్టెలోకి తోసింది వకుళ. అరగంట తర్వాత, గరగర మధ్యలోంచి ఒక ఆడగొంతు వినిపించింది. పదకొండు సెకన్లు. వకుళ మళ్ళీ వింది. మళ్ళీ. తర్వాత పరుగున కొండ దిగి, నెస్టాను గొర్రెల దొడ్లోంచి లాక్కొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టింది.

నెస్టా కళ్ళు మూసుకుని వింది. "మాట తెలియట్లేదు. కానీ ఎవర్నో తిడుతోంది. మొగుణ్ణే అయ్యుంటుంది."

నెస్టా చెప్పిందే నిజమైంది. భాషావేత్తలు మూడు నెలలు తలలు బద్దలుకొట్టుకుని తేల్చారు: "అక్కడ కాదు, కింద. కింద! నీవి చేతులేనా? పొద్దుట్నుంచీ చెబుతున్నా... నవ్వకు, వానొస్తోంది."

ఆ రాత చదివి ఎల్విన్ కాగితం వెనక్కి తిప్పి చూశాడు. "ఇంతేనా?" అన్నాడు చివరికి.

ప్రపంచం మాత్రం అలా అనలేదు. రెండువేల ఏళ్ళ కిందటి ఇల్లాలి విసుగు విని జనం నవ్వారు, ఏడ్చారు. వకుళ ఫొటో ప్రతి తెర మీదా కనిపించింది. ఇంతకాలం మొహం చాటేసిన విశ్వవిద్యాలయాలు ఇప్పుడు ఏం కావాలో చెప్పమన్నాయి. ఆమెకు కావలసింది ఒక్కటే: మట్టి మెత్తుతూ మామూలుగా మాట్లాడే మనుషులు, వేలల్లో.

వచ్చారు. వేలల్లోనే వచ్చారు. అప్పటికే బజార్లో సందేశపు పలకలు అమ్ముతున్నారు. పచ్చిమట్టి మీద చెయ్యి రాస్తూ మాట్లాడితే బట్టీలో కాల్చి ఇస్తారు, భవిష్యత్తు వింటుంది. మంత్రులు మాట్లాడారు. పెళ్ళికొడుకులు మాట్లాడారు. బడిపిల్లల చేత ప్రతిజ్ఞలు చేయించారు. ఎల్విన్ ఆ పలకలు, వాటి మాటల రికార్డులు అన్నీ పోగుచేసి తెచ్చి వకుళ ముందు పెట్టాడు.

"ఇవి పనికిరావు," అంది వకుళ. "వీళ్ళెవరూ మాట్లాడట్లేదు, ఉపన్యాసాలిస్తున్నారు."

"గొంతు గొంతే కదా డాక్టర్! లక్ష నమూనాలు. వీటిని కాదని ఇంకెక్కడినుంచి తెస్తారు?"

ఎక్కడినుంచీ తేలేకపోయింది. మట్టిని చూడగానే ప్రతివాడూ గొంతు సవరించుకుంటున్నాడు. నెల రోజులు పళ్ళు నూరుకుని, ఆఖరికి ఆ లక్షా యంత్రానికి నేర్పింది. మిగిలిన పెళ్లలన్నీ వరసగా పెట్టింది. ప్రతిదానికీ తెర మీద ఒకే జవాబు: గొంతు లేదు. అనుమానమొచ్చి రెండువందల పదమూడోది మళ్ళీ పెట్టింది.

గొంతు లేదు. చెయ్యి జారింది.

వకుళకు అప్పుడర్థమైంది. తాపీగా, గంభీరంగా పలికితేనే గొంతని యంత్రం నేర్చుకుంది. మొగుడి మీద కేకలేసే ఆడమనిషి దానికిప్పుడు ఉత్త రొద.

నేర్పిందంతా చెరిపేసి, పాత పాఠం మళ్ళీ ఎక్కించి, బొక్కెనడు మట్టి పట్టుకుని తిన్నగా నెస్టా ఇంటికి వెళ్ళింది.

తలుపు తీసిన నెస్టా బొక్కెన చూడగానే లోపలికెళ్ళి, జుట్టు దువ్వుకుని, ఆదివారం వేసుకునే కోటు తొడుక్కుని వచ్చింది. మట్టిలో వేళ్ళు పెట్టి, గడ్డం ఎత్తింది.

"రాబోయే తరాల సోదర సోదరీమణులారా..."

"వద్దు నెస్టా! దండం పెడతాను. పొట్టేలు గురించి చెప్పండి. ఎల్విన్ గురించి చెప్పండి."

"రెండువేల ఏళ్ళ తర్వాత వాళ్ళు వింటుంటే ఎల్విన్ గురించా?" నెస్టా నిర్ఘాంతపోయింది.

"పోనీ నన్ను తిట్టండి. మీ పని చెడగొట్టి వచ్చాను కదా. గట్టిగా, నోటికొచ్చినట్టు తిట్టండి!" వకుళ గొంతు దాదాపు అరుపయింది.

నెస్టా జాలిగా చూసింది. మట్టి చేతిని ఒళ్ళో తుండుగుడ్డకు జాగ్రత్తగా తుడుచుకుని, కోటు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది.

"అలాగే డాక్టర్. ఏమని తిట్టాలో ఒక కాగితం మీద రాసివ్వండి, తప్పుల్లేకుండా చదువుతాను."