ముందే అడిగే అమ్మాయి

యూనివర్సిటీ హాల్లో ఉద్యోగ మేళా. వంతెనల కంపెనీ స్టాల్ ముందు చాంతాడంత క్యూ. రాత్రి అద్దం ముందు నిలబడి బట్టీపట్టిన నా పరిచయ ప్రసంగాన్ని మనసులో వల్లె వేసుకుంటున్నాను. నా ముందున్న నీలం చొక్కా అమ్మాయి వంతు వచ్చింది. పేరైనా చెప్పకుండా, విదేశీ విద్యార్థులకు వర్క్ వీసా ఇప్పిస్తారా అని అడిగింది. ఇప్పించరట. థాంక్స్ చెప్పి వెనక్కి తిరిగి, క్యూ అంతటికీ వినబడేలా ఆ సంగతి ప్రకటించింది. క్యూ సగానికి సగం ఖాళీ.

నాకు ఒళ్ళు మండింది. పట్టుదలకు పోయి నిలబడి, ప్రసంగం మొత్తం అప్పజెప్పాను. స్టాల్ ఆయన తల ఊపాడు, తెగ మెచ్చుకున్నాడు. చివర్లో నేను వీసా మాట ఎత్తగానే సారీ చెప్పి, చేతిలో ఒక పెన్ను పెట్టాడు.

బయట ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుని యాపిల్ తింటోంది. నేను తెలుగులో గొణుక్కున్నది విన్నట్టుంది.

"పెన్నిచ్చారా?" అంది.

"మీరు అలా చాటింపు వెయ్యకపోతే ఉద్యోగమే ఇచ్చేవాళ్ళు," అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. ముందు మనిషి నచ్చాలి, వీసా తర్వాత అని నా వాదన. ఇవ్వనివాళ్ళ కోసం గొంతు ఎండబెట్టుకోవడం ఎందుకని ఆమె వాదన. ఎంతకీ తేలలేదు గానీ, మిగతా స్టాళ్ళు చెరిసగం పంచుకుని తిరిగాం. క్యూ ఖాళీ చేయించినందుకు నేను ఆమెకు 'లైన్ క్లియర్' అని పేరు పెట్టాను.

ఆమెది నీటిశుద్ధి చదువు, నాది వంతెనలు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి వీసా ఇచ్చిన గడువు మాత్రం ఇద్దరికీ ఒకటే. అది దాటితే సామాను సర్దుకోవడమే. రోజూ లైబ్రరీలో ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేసుకునేవాళ్ళం. ఆఫీసరు వేషంలో ఆమె కళ్ళు చిట్లించి చూస్తే నా కోర్సు పేరు నాకే గుర్తొచ్చేది కాదు. వర్షంలో ఒకే గొడుగు కింద బస్సు కోసం నిలబడినప్పుడు, ఆ బస్సు రాకపోతే బాగుండుననిపించేది.

ఆమెకు ఆ ఊరి నీటి ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. నిజంగా సంతోషించాను. ఆ వెంటనే నా సంగతి గుర్తొచ్చింది. ఉద్యోగం లేనివాడు ఏ ముఖం పెట్టుకుని మనసులో మాట చెబుతాడు? అందుకే లైబ్రరీకి వెళ్ళడం మానేశాను.

ఒక సాయంత్రం హాస్టల్ లాండ్రీ గదిలో నన్ను పట్టుకుంది. నా బట్టలన్నీ మెషీన్లో తిరుగుతున్నాయి. పారిపోయే దారి లేదు.

"ఎందుకు తప్పించుకు తిరుగుతున్నావు?"

"ఉద్యోగం వచ్చాక నీకో మాట చెబుదామని."

"రాకపోతే?"

"చెప్పకుండానే వెళ్ళిపోదామని."

ఆమె ముఖం ఎర్రబడింది. "అంటే మన సంగతి కూడా ఆ కంపెనీవాళ్ళే తేల్చాలా? నన్ను అడగవా?"

ఇక దాచలేకపోయాను. "నువ్వంటే నాకు ప్రాణం," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె బల్ల మీద నా పక్కన కూర్చుంది. తర్వాత మెల్లగా, "అమ్మకి చెప్పేశాను," అంది.

"ఏమని?"

"ఉద్యోగం లేదు, ఒట్టి మొండివాడు, నాకు ఇష్టం అని."

"ఏమన్నారు?"

"నీకు ఉద్యోగం దొరికితే ఇద్దర్నీ కలిసి ఇంటికి రమ్మంది. దొరక్కపోతే నిన్ను ముందు వచ్చెయ్యమంది. నేను సెలవు పెట్టుకుని వచ్చేలోపు అల్లుణ్ణి తీరిగ్గా చూసుకుంటుందట."

ఇన్నాళ్ళూ తిరుగు ప్రయాణం మాట తలుచుకోవడానికే భయపడ్డాను. ఆ సాయంత్రం మొదటిసారి ఆ మాటకు నవ్వొచ్చింది. మెషీన్ ఆగింది. ఇద్దరం తడి చొక్కాలు దులిపి ఆరేశాం. మర్నాడు పొద్దున్నే, ఆమె పక్కన కూర్చుని తప్పులు దిద్దుతుంటే, ఇంకో కంపెనీకి అప్లై చేశాను.