వంకర మెడపట్టీ

"అక్కా, ఇలాగేనా?"

దన్‌బి ఎత్తి చూపించిన జొగొరిని చూసి హేరిన్ నవ్వు ఆపుకుంది. ఆ పొట్టి చొక్కాకి ముందువైపు ఎప్పుడూ ఎడమ భాగమే కుడిదాని పైకి రావాలి. దన్‌బి కుడి భాగం పైకి వచ్చేలా కుట్టేసింది. మెడపట్టీ నిండా ముడతలే.

"పర్లేదులే. నాకివ్వు, నేను చూస్తా," అంది హేరిన్.

సువన్ ఊరి లైబ్రరీ మేడ మీద ప్రతి శనివారం పిల్లలు పాతకాలపు బట్టలు కుట్టుకుంటారు. ఆకులు రాలే రోజుల్లో కోట పక్కన అప్పటి రాజుగారి ఊరేగింపులా వేడుక చేస్తారు. ఎవరి జొగొరి వాళ్లే కుట్టుకోవాలి, ఇద్దరిద్దరుగా నడవాలి. పోయినేడు హేరిన్‌కి జత దొరకలేదు. ఒక్కతే నడిచింది. జనం చేతులూపుతుంటే నవ్వింది గానీ, ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. అమ్మానాన్న చేపల కొట్టు మూసి వచ్చేసరికి ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

ఈసారి దన్‌బి ఉంది. కొత్తగా చేరిన మూడో తరగతి పిల్ల. ఆ జొగొరి పూర్తయితే చాలు, కలిసి నడవొచ్చు.

ఆ సాయంత్రం ఎవరూ లేని ఇంట్లో కూర్చుని హేరిన్ దన్‌బి కుట్లన్నీ విప్పేసింది. మళ్లీ మొత్తం తనే కుట్టింది. ఎంత సన్నటి కుట్లో!

మరుసటి శనివారం దన్‌బి దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"నా కుట్లేవక్కా?"

"వంకరగా ఉన్నాయని తీసేశా. ఇప్పుడు బాగుంది కదా!"

"బాగుంది. కానీ ఇది నీది." దన్‌బి కళ్లనిండా నీళ్లు. "మా ఇంట్లోనూ ఇంతే. ఏది పట్టుకున్నా 'నీకు రాదులే, ఇలా తే' అంటారు."

జొగొరిని బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది. ఆ తర్వాతి శనివారం రాలేదు.

హేరిన్ పక్క కుర్చీ ఖాళీ. చుట్టూ అందరూ జతలు జతలుగా కబుర్లాడుకుంటున్నారు. కుట్టు నేర్పే మిన్ టీచర్ దగ్గరికొచ్చింది.

"ఏమ్మా, మొహం అలా వేలాడేశావేం?"

"దన్‌బికి సాయం చేద్దామనే మొత్తం నేనే కుట్టాను టీచర్..."

"నీ మొదటి జొగొరికి ఒక చెయ్యి తిరగేసి కుట్టావు, గుర్తుందా? నేను ముట్టుకున్నానా?"

హేరిన్ దన్‌బి జొగొరిని ముందుకు లాక్కుంది. కత్తెర తీసుకుని తన సన్నటి కుట్లను ఒక్కొక్కటిగా విప్పింది. ప్రాణం ఉసూరుమంది. విప్పిన ముక్కలు పట్టుకుని దన్‌బి ఇంటికి నడిచింది.

"నా కుట్లన్నీ తీసేశా," అంది గుమ్మంలో నిలబడి. "ఎడమ వైపు పైకి రావాలి. నీది కుడి వైపు పైకొచ్చింది. ఆ రోజే చెప్పాల్సింది. తప్పు నాదే."

"ఓస్, అంతేనా! చెప్తే నేనే సరిచేసేదాన్నిగా!"

దన్‌బి మెట్ల మీద కూర్చుని సూది అందుకుంది. ముందు ముక్కలు కదలకుండా వదులుగా కచ్చా కుట్టు వేసింది. తర్వాత మెడపట్టీ మొదలుపెట్టింది. దారం చిక్కుపడింది. హేరిన్ చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. గబుక్కున రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

"అదేంటక్కా, అలా కూర్చున్నావ్?"

"నా చేతులు ఊరుకోవట్లేదే!"

దన్‌బి పకపకా నవ్వింది. చిక్కు తనే విప్పుకుంది. చివరికొచ్చేసరికి పట్టీ కాస్త పక్కకి పోయింది.

"వంకరపోయింది కదూ?"

"పోయింది. విప్పుతావా, ఉంచుతావా?"

దన్‌బి పట్టీ మీద వేలితో రాసి చూసింది. "ఉంచుతా. మరి ఊరేగింపులో ఈ వంకరదాని పక్కన నడుస్తావా?"

 హేరిన్ చేతుల మీద అలాగే కూర్చుని గట్టిగా తలూపింది.