సున్నాలూ అయిదులూ

ఎండాకాలం పొద్దున్నే ఒకసారి పండ్ల మార్కెట్‌ను తలుచుకోకపోతే కౌసల్యమ్మకు చాయ్ గొంతు దిగదు. మార్కెట్ గడ్డిఅన్నారంలో ఉన్నన్నాళ్లూ మే నెలలో కిటికీ తెరిస్తే చాలు, మామిడిపండ్ల వాసన అడగకుండానే ఇంట్లోకి వచ్చి కూర్చునేది. లారీల మోత, వేలంపాట కేకలు, రోడ్డంతా నలిగిన బత్తాయి తొక్కలు. ఈ లొల్లి ఎప్పుడు పోతుందో అని ఆ రోజుల్లో తిట్టుకున్నది ఆమే. మార్కెట్ ఎత్తేశాక ఆ లొల్లి కోసం మొహం వాచిపోయిందీ ఆమే.

"ఎండాకాలమొచ్చినట్టే లేదు," అంది ఆ రోజు కూడా.

"ఎండ మాడుస్తుంది గదనే. ఇంకేం గావాలె నీకు," అన్నాడు అంతయ్య, తలుపు మూల బూట్ల కోసం తడుముకుంటూ.

"ఎడమ దిక్కు ఉన్నయి," అంది కౌసల్యమ్మ అటు చూడకుండానే.

కూతురు అరుణజ్యోతి అద్దం ముందు జడ వేసుకుంటూ ఇదంతా వింది గానీ పట్టించుకోలేదు. రోజూ వినే మాటల్లో కొత్త సంగతి ఉంటుందని ఎవరనుకుంటారు.

తండ్రీకూతుళ్లిద్దరిదీ ఒకటే ఆఫీసు. ఎల్బీనగర్‌లో వెంకట్రావు గారి మట్టి పరీక్షల ల్యాబు. ఇల్లు కట్టేముందు ఆ నేల ఎంత బరువు మోస్తుందో చెప్పడం వాళ్ల పని. అంతయ్య ముప్ఫై ఏళ్లుగా ఫీల్డు మనిషి. బోరులో రాడ్డు దించి, దాని నెత్తిన అరవై మూడున్నర కిలోల సుత్తిని రెండున్నర అడుగుల ఎత్తు నించి వదులుతారు. రాడ్డు మీద చాక్‌పీసుతో గీతలు గీసి ఉంటాయి. గీతకూ గీతకూ మధ్య పదిహేను సెంటీమీటర్లు. అంత దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెట్టి ఫీల్డు బుక్కులో రాయాలి. ఎక్కువ దెబ్బలు పడితే గట్టి నేల, తక్కువ పడితే మెత్తటి నేల. ఆ అంకెలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, సాఫ్ట్‌వేర్‌తో గ్రాఫు గీసి, రిపోర్టు తయారు చేసేది జ్యోతి. సివిల్ ఇంజినీరింగ్ చదివి, చేరి రెండేళ్లయింది. "నేను తవ్వుత, మా బిడ్డ బొమ్మ గీస్తది," అని అంతయ్య చాయ్ బండి దగ్గర కూడా చెప్పుకుంటాడు.

జ్యోతి స్కూటీ తీసింది. ఒకప్పుడు అంతయ్య మోపెడ్ మీద ముందు ఆమె నిలబడేది. పోయిన బతుకమ్మ పండుగ తర్వాత ఆయన బండి ముట్టడం మానేసి, "ఇంజినీరు నడుపుతుంటే ఎనుక కూసునుడు ఎంత దర్జా" అన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ దాటుతుంటే ఆయన పాఠం మొదలైంది. అంతయ్యకు ఊరు కింది నుంచి తెలుసు. పైన ఏ షాపుందో చెప్పలేడు గానీ, కింద ఏముందో అడిగితే నిద్రలో లేపినా చెబుతాడు.

"గీ మూల మీది బిల్డింగు కింద పన్నెండు అడుగులకే రాయి. దాని పక్కదాని కింద ముప్ఫై అడుగులు దిగినా నల్లమట్టే. పక్కపక్కనే ఉంటయి, గుణాలు వేరు."

"నాయినా, నాలుగో క్లాసు సంది చెప్తున్నవు గిదే."

"చెప్పకపోతే మర్చిపోతరు బిడ్డా."

జ్యోతి నవ్వుకుంది. చిన్నప్పుడు ఆదివారాలు ఆయన వెంట సైట్లకు పోయేది. కర్మన్‌ఘాట్ దిక్కు ఇంకా అక్కడక్కడా ద్రాక్ష తోటలు మిగిలి ఉన్న రోజులు. తల్లి కట్టిచ్చిన సద్ది గిన్నె పక్కన పెట్టుకుని పందిరి నీడలో కూర్చుంటే, సుత్తి పడిన ప్రతిసారీ తండ్రి గట్టిగా ఒకటి, రెండు, మూడు అనేవాడు. బడికి పోకముందే ఆమెకు నూరు దాకా వచ్చేసింది. ఇరవై ఏడు తర్వాత తండ్రి నోరు నొప్పి పుట్టి ఆగితే, "ఇరవై ఎనిమిది" అని తనే అందుకునేది.

ఆ కర్మన్‌ఘాట్‌లోనే ఇప్పుడు అయిదంతస్తుల అపార్ట్‌మెంటు లేవబోతోంది. సోమవారానికి రిపోర్టు ఇవ్వాలి. నాలుగు బోర్లలో రెండు అంతయ్యవి, రెండు మహేందర్‌వి. మహేందర్ అంతయ్య దగ్గరే పని నేర్చుకున్నవాడు.

ఆఫీసులో జ్యోతి నాలుగు బోర్ల అంకెలూ ఎక్కించి గ్రాఫు తీసింది. మహేందర్ గీతలు అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ కిందికి దిగాయి. నేల అంటే అట్లాగే ఉంటుంది. తండ్రి గీతలు మాత్రం మెట్లు కట్టినట్టు తీరుగా దిగాయి. ఆరు మీటర్ల లోతులో మహేందర్‌కు ఒక బోరులో తొమ్మిది దెబ్బలు, ఇంకో బోరులో పదకొండు. పాతిక అడుగుల దూరంలో తండ్రికి రెండింట్లోనూ ఇరవై అయిదు.

తనే తప్పు కొట్టానేమో అనుకుని మళ్లీ ఎక్కించింది. అదే గీత. అప్పుడు చూసిందామె ఆ పేజీలోని అంకెలను. పది, పదిహేను, ఇరవై, ఇరవై అయిదు. అన్నీ సున్నాలూ అయిదులే.

బీరువాలోంచి పాత ఫీల్డు బుక్కులు దింపింది. ఏళ్లనాటి దుమ్ముతో పాటు తండ్రి చేతిరాత బయటికొచ్చింది. పదిహేడు, ఇరవై మూడు, ముప్ఫై ఒకటి. ఒక్కో ఏడాదిలో ఏ అంకె చివర ఏముందో లెక్కకట్టి సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చింది. పాత సంవత్సరాలకు సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెల నిలువు కమ్మీలూ ఇంచుమించు ఒకే ఎత్తున వచ్చాయి. గడిచిన ఎనిమిది నెలలకు రెండే కమ్మీలు లేచాయి. సున్నా దగ్గర ఒకటి, అయిదు దగ్గర ఒకటి. మిగతా చోటంతా ఖాళీ.

దాని అర్థం ఏ ఇంజినీరుకైనా ఒకటే. ఇవి లెక్కపెట్టిన అంకెలు కావు, నీడలో కూర్చుని రాసిన అంకెలు.

"అమ్మా జ్యోతీ, కర్మన్‌ఘాట్ రిపోర్టు ఎంతవరకు వచ్చింది?" అంటూ వెంకట్రావు గారు తొంగిచూశారు.

"ఇంకొంచెం ఉంది సార్."

"మీ నాన్న బోర్లు ముందు పెట్టేయమ్మా. అంతయ్య లెక్కంటే నేను కళ్లు మూసుకుని సంతకం పెడతాను."

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. చెబితే తండ్రి ముప్ఫై ఏళ్ల పేరు ఒక్క పూటలో పోతుంది. చెప్పకపోతే ఆ పేరు మీద అయిదంతస్తులు లేస్తాయి.

సాయంత్రం తండ్రి స్నానం చేసి గడపలో కూర్చునేదాకా ఓపిక పట్టింది.

"నాయినా, కర్మన్‌ఘాట్ల దెబ్బలు నువ్వే లెక్కవెట్టినవా?"

"మరెవలు లెక్కవెడ్తరు?"

"ఎనిమిది నెలల సంది నీ బుక్కుల సున్నాలు, అయిదులు తప్ప ఇంకో అంకె లేదు. నేల నీకు అయిదుల ఎక్కం అప్పజెప్తుందా?"

అంతయ్య మొహం గట్టిపడింది. "నువ్వు పుట్టకముందు సంది సుత్తి కాడున్న నేను. రెండేండ్లు కంప్యూటర్ ముంగట కూసున్నవు, అప్పుడే నన్ను దొంగను జేస్తున్నవా?"

"నేను జేస్తలేను. నీ అంకెలే చెప్తున్నయి. నీడకు కూసొని రాసినవు నువ్వు."

"జ్యోతీ, మాట జర తక్కువ మాట్లాడు," అని వంటింట్లోంచి తల్లి అంది. ఆ గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

జ్యోతి వినే స్థితిలో లేదు. ల్యాప్‌టాప్ తెరిచి తండ్రి ఒళ్లో పెట్టింది. "నీ కండ్లతోనే సూడు. ఒక గీత నీది, ఒకటి మహేందరన్నది," అంటూ ఛార్జర్ పెట్టడానికి గోడవైపు తిరిగింది.

అంతయ్య తెర మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు.

"మంచిగనే ఉన్నయి గద," అన్నాడు. "రెండు గీతలు పక్కపక్కనే పోతున్నయి. గింత దానికి లొల్లేంది?"

జ్యోతి వెనక్కి తిరిగింది. తెర మీద ఏ గీతా లేదు. పాస్‌వర్డ్ అడుగుతూ నీలంరంగు తెర, మధ్యలో ఒక ఖాళీ డబ్బా. అంతే.

తండ్రి ఇంకా ఆ నీలం తెరనే చూస్తూ తల ఊపుతున్నాడు. కౌసల్యమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ల్యాప్‌టాప్ మూసేసింది.

"ఇగ దాచకు," అంది భర్తతో. కూతురి వైపు తిరిగి, "రెండు కండ్లల్ల శుక్లాలు బిడ్డా. బతుకమ్మ పండుగప్పుడే డాక్టర్ చెప్పిండు. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు వెట్టిచ్చుకున్నడు," అంది.

"ఎందుకు నాయినా?"

అంతయ్య మూసిన ల్యాప్‌టాప్ మీద అరచేయి ఆనించాడు. "మా నాయినకు ఊళ్లె కంటి ఆపరేషన్ చేసిన్రు. అటెన్క పదేండ్లు గోడలు వట్టుకొని నడిచిండు. నేనే దొడ్డికి తీస్కపోయేటోన్ని. అయినా ఆ భయం ఒక్కటే గాదు. కండ్లు పోయినయని తెలిస్తే ఫీల్డు నుంచి తీసి గేటు కాడ స్టూలేసి కూసోవెడ్తరు. సుత్తి సప్పుడు లేకుంట నాకు పొద్దెట్ల పోతది?"

"మరి దెబ్బలెట్ల లెక్కవెట్టినవు?"

"దెబ్బలు ఇనవడ్తయి గద. సాక్‌పీసు గీతనే కనవడది. పది కొట్టంగనే ఇంత దిగుంటది అనుకున్న. పదిహేనుకు ఆపుమన్న. బుక్కుల రాసుడంటే చెయ్యికి అలవాటే. సప్పుడును వట్టి చెప్పొచ్చు అనుకున్న బిడ్డా. నీడకైతే కూసోలేదు. ఎండల్నే నిలవడ్డ."

జ్యోతికి ఏడుపు ఆగలేదు. రోజూ ఆయన వెనక కూర్చుంటే తను బండి నడిపింది. దిల్‌సుఖ్‌నగర్‌లో బిల్డింగుల కింది సంగతులు చెబుతుంటే విసుక్కుంది. పైవి కనిపించని మనిషి, గుర్తున్నంతవరకు చెప్పుకుంటున్నాడని ఒక్కనాడూ తోచలేదు. దొంగ అనుకోవడానికి మాత్రం ఒక్క పూట పట్టింది.

ఏడ్చి ఏడ్చి, చివరికి చెప్పక తప్పని మాట చెప్పింది. "ఆరు మీటర్ల కాడ నువ్వు ఇరవై అయిదు రాసినవు నాయినా. మహేందరన్నకు తొమ్మిది ఒచ్చింది."

"తొమ్మిదా?"

ఆ ఒక్క మాటతో అంతయ్య భుజాలు జారిపోయాయి. తొమ్మిదికీ ఇరవై అయిదుకూ తేడా ఏమిటో ఆ ఇంట్లో ఆయన కన్నా తెలిసినవాళ్లు లేరు.

"మెత్తటి నేల," అన్నాడు తనలో తాను. "దాని మీద పిల్లలు, ముసలోళ్లు పండుకుంటరు." కొంచెం ఆగి, "రేపు ఆదివారం గద. సారు ఇంటికి పోదాం," అన్నాడు.

"నేను చెప్త నాయినా. నువ్వు రాకు."

"నువ్వెందుకు చెప్తవు? బుక్కు నాది."

వనస్థలిపురంలో వెంకట్రావు గారు వరండాలో పేపరు చదువుతున్నారు. ఆయన కూర్చోమన్నా అంతయ్య కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు, ఒక్క ముక్క దాచలేదు. వెంకట్రావు గారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఎనిమిది నెలలు, అంతయ్యా. పదకొండు సైట్లు. ఒక్కమాట చెప్పి ఉంటే నేనే తీసుకెళ్లేవాణ్ని కదయ్యా ఆసుపత్రికి."

"తప్పయింది సారు."

ఆయన జ్యోతి వైపు తిరిగారు. "పదకొండు సైట్ల గ్రాఫులూ మళ్లీ తియ్యమ్మా. అనుమానం ఉన్న ప్రతిచోటా నా ఖర్చుతో బోరు దించుదాం. పనులు మొదలుపెట్టిన వాళ్లకు నేనే ఫోన్ చేసి ఆపమంటాను. కర్మన్‌ఘాట్‌తో మొదలుపెట్టండి." అంతయ్యతో మాత్రం, "ముందు కళ్లు బాగుచేయించుకో. ఫీల్డు సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడైతే మాట ఇవ్వలేను," అన్నారు. అంతయ్య తల ఊపాడు.

సోమవారం పొద్దున కర్మన్‌ఘాట్‌లో మళ్లీ సుత్తి లేచింది. చుట్టూ అపార్ట్‌మెంట్లు, ద్రాక్ష పందిరి ఒక్కటీ లేదు. మహేందర్ సుత్తిని పైకి లాగే తాడు దగ్గర, జ్యోతి రాడ్డు మీది గీతల దగ్గర. రావద్దన్నా వచ్చిన అంతయ్య కాస్త దూరంలో డ్రమ్ము మీద కూర్చున్నాడు. ఆరు మీటర్లకు రాడ్డు చేరింది. జ్యోతి గట్టిగా లెక్కపెట్టింది. ఎనిమిది, తొమ్మిది, పది. గీత నేలలోకి దిగిపోయింది.

"ఆపు," అంది.

అంతయ్య విన్నాడు. ఇరవై అయిదు రాసిన చోట పది. లేచి తడుముకుంటూ వాళ్ల దగ్గరికి వచ్చాడు.

"బుక్కియ్యి," అన్నాడు.

"అన్నా, ఆ పేజీ చింపేద్దాం," అన్నాడు మహేందర్ మెల్లగా. "కొత్త పేజీల మంచిగ రాస్త. ఎవలకు తెల్వది."

"పేజీ చింపొద్దు మహేందర్. రబ్బరు గూడ పెట్టొద్దు. తప్పు రాస్తే దాని మీద ఒక్కటే గీత కొట్టాలె. కింద తప్పేందో కనవడాలె. పక్కకు ఒప్పు రాసి సంతకం వెట్టాలె. నీకు గదే గద నేర్పిన?"

మహేందర్ తల దించుకున్నాడు. జ్యోతి పేజీ తెరిచి తండ్రి చేతిలో పెన్ను పెట్టింది. ఆయన వేళ్లు కాగితం మీద వెతికాయి గానీ అంకె దొరకలేదు. ఆమె ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని ఇరవై అయిదు దగ్గరికి నడిపించింది. అరచేయంతా కాయలు, ముప్ఫై ఏళ్ల తాడు ఒరిపిడి. ఆయన మెల్లగా గీత కొట్టాడు. పక్కన పది వేశాడు. కిందికి జరిగి, అలవాటైన సంతకం ఒక్కటీ తనంతట తనే పెట్టాడు.

"గీత వంకర వోయిందా బిడ్డా?"

జ్యోతి కళ్లు తుడుచుకుని చూసింది.

"పోయింది నాయినా. కింది అంకె మాత్రం కనవడ్తుంది."

"కనవడాలె," అన్నాడు అంతయ్య. "కనవడాలె."