సోమవారపు ఆయాసం

“ఇవాళ సోమవారం కదూ! ఇంకేం, మా మహారాణీగారికి ఊపిరాడదు!”

వంటింట్లోంచి అత్తగారు జెమానెష్ వేసిన కేక గడప దగ్గర కూలబడ్డ ఫంతాయెకే కాదు, పక్కింటివాళ్ళకీ వినిపించింది. వినిపించాలనే వేసింది మరి! నూలుమిల్లులో షిఫ్టు దిగి వచ్చిన కోడలు రెండు చేతులూ నేలకు ఆనించి, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటోంది. ఎవరో గుండెల మీదెక్కి కూర్చున్నట్టుంది. జుట్టునిండా దూది నూగు... కళ్ళనిండా నీళ్ళు... “అత్తయ్యా, కాసిని మంచినీళ్ళు...” అనబోతే మాటకు బదులు దగ్గు వచ్చింది.

జెమానెష్ నీళ్ళు ఇచ్చింది. ఇవ్వకుండా ఉండేంత రాతిగుండె కాదు ఆవిడది. కానీ గ్లాసుతోపాటు నాలుగు మాటలు కూడా ఇచ్చింది. “నిన్న చర్చిలో అందరికన్నా గట్టిగా పాడిందెవరే? నువ్వు కాదూ! మూడో వాయి కాఫీ అయ్యేదాకా పకపకా నవ్విందెవరు? నువ్వు కాదూ! ఆదివారం లేని రోగం సోమవారం ఎక్కణ్ణుంచి వస్తుందే? పని తప్పించుకునే వేషాలు నా దగ్గరా?”

గెటనెహ్ అప్పుడే ఆటో వాకిట్లో పెట్టి లోపలికొచ్చాడు. ఫంతాయె ఆశగా మొగుడి మొహంలోకి చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు. “మొన్న శనివారం ఆసుపత్రిలో చూపించాం కదా ఫంతా... ఛాతీ శుభ్రంగా ఉందన్నారు కదా...” అని గొణిగాడు. అయ్యో! ఈయన కూడానా! అత్తగారి మాటలు మూడేళ్ళుగా భరించిన ఆ పిల్ల, ఈ ఒక్క మాటకు తట్టుకోలేక కొంగులో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇంకొక్క సోమవారం పని మధ్యలో లేచి వస్తే పేరు కొట్టేస్తానని మిల్లులో మేస్త్రీ ఆ పొద్దున్నే చెప్పాడు. అక్కడా అబద్ధాలకోరే, ఇక్కడా అబద్ధాలకోరే!

“గురువారం నేనే తీసుకెళ్తా పెద్ద డాక్టరమ్మ దగ్గరికి,” అంది జెమానెష్. “నీకు ఏ రోగమూ లేదని ఆవిడ నోటితోనే చెప్పిస్తా. మర్నాడే నీ మూట కట్టి మీ అమ్మ దగ్గర దింపేసి వస్తా. మరియం తల్లి తోడు!”

గురువారం వచ్చింది. డాక్టర్ మిస్రక్ చిన్నదే, ముప్ఫై దాటి ఉండదు. ఫంతాయె వీపు మీద గొట్టం ఆనించి, “పీల్చండి... వదలండి...” అంటూ చాలాసేపు విన్నది. ఏమీ లేదు! ఎప్పట్లాగే వారం మధ్యకు వచ్చేసరికి ఛాతీ తేలికపడింది. డాక్టరమ్మ మొహం చూస్తూ ఫంతాయె లోలోపల వేడుకుంది. తల్లీ మరియం, ఒక్క దగ్గు... ఒక్కటంటే ఒక్క దగ్గు ఇప్పించు తల్లీ! దగ్గు రావాలని మొక్కుకోవాల్సిన గతి పగవాళ్ళకు కూడా వద్దు.

“చూశారా! నే చెప్పలా!” జెమానెష్ భుజం మీది తెల్ల సెల్లా సర్దుకుని అందుకుంది. “మొన్న శనివారం ఆసుపత్రిలోనూ ఇదే మాటన్నారు. గురువారం ఉండదు, శుక్రవారం ఉండదు, ఆదివారం అసలే ఉండదు. సోమవారం సాయంత్రం చూడాలి దీని నాటకం!”

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆగింది. “సోమవారమా? ఇంకోసారి చెప్పండమ్మా.”

అడిగేవాళ్ళు దొరికితే జెమానెష్ ఆగుతుందా? బల్ల ముందుకు లాక్కుంది. “ఒక్కసారేంటి, పదిసార్లు చెప్తా! ఏసు లేచిన ఫసికా పండక్కి మిల్లు నాలుగు రోజులు మూశారు. యాభై అయిదు రోజులు ఉపవాసం ఉన్న మనిషి, ఆ నాలుగు రోజులూ లేడిపిల్లలా తిరిగింది. తెరిచిన రోజు సాయంత్రం గేటు దగ్గరే పడిపోయింది! పోనీ ఏ గాలో సోకిందేమోనని మైకేలు దేవదూత కొండకు తీసుకెళ్ళి ఏడు రోజులు పవిత్రజలం పోయించా. అక్కడ ఒక్క దగ్గు లేదు. తిరిగొచ్చి పనిలోకి పోయిన మొదటి రోజే మళ్ళీ మొదలు! దేవదూత చేసిన మేలు ఒక్క పూటలో పోతుందా? వేషం కాకపోతే ఏంటిది, మీరే చెప్పండి!”

“మిల్లులో ఏం పని చేస్తావమ్మా?” అని డాక్టరమ్మ ఫంతాయెను అడిగింది.

“దూది ఏకే చోట...”

డాక్టర్ మిస్రక్ కలం పక్కన పెట్టి జెమానెష్ చేతులు పట్టుకుంది. “అమ్మా, మీ కోడలికి జబ్బుందని ఇంతకన్నా బాగా ఎవ్వరూ చెప్పలేరు. దూది దుమ్ముతో వచ్చే జబ్బు ఇది. సెలవు పూట ఛాతీ విశ్రాంతి తీసుకుంటుంది. మళ్ళీ దుమ్ములోకి వెళ్ళిన మొదటి రోజే బిగుసుకుపోతుంది. రెండుమూడు రోజులకు కాస్త సర్దుకుంటుంది. అందుకే శనివారం చూసినవాళ్ళకు ఏమీ కనబడలేదు. ఇప్పుడే ఆ చోటు మాన్పిస్తే కోలుకుంటుంది. వదిలేస్తే సోమవారంతో ఆగదు, మంగళవారమూ ఉంటుంది. తర్వాత వారమంతా. ఆ తర్వాత సెలవు రోజు కూడా...”

“...ఆదివారం కూడా,” అంది జెమానెష్. ఆ గొంతు ఆవిడది కానట్టుంది.



“మా ఆయన...” ఆవిడ డాక్టరమ్మ చేతులు గట్టిగా పట్టుకుంది. “పదకొండేళ్ళు ఏకాడు డాక్టరమ్మా, అదే మిల్లులో. ఆదివారం ఇంట్లో కాచిన తెల్లా కల్లు రెండు ముంతలు తాగేవాడు. సోమవారం ఆయాసపడితే తాగిన కల్లు దిగలేదనుకున్నా. దుప్పటి లాగేసి పనికి తోలేదాన్ని! చివరికి ఏ రోజూ ఊపిరాడలేదు... అప్పుడు కూడా తిట్టాను... మరియం తల్లీ, నేనే తోలానమ్మా ఆయన్ని!”

ఫంతాయె కుర్చీలోంచి లేచి అత్తగారిని గుండెలకు హత్తుకుంది. “మీకు తెలీదు కదా అత్తయ్యా... ఎవరు చెప్పారు మీకు? ఊరుకోండి, ఊరుకోండి...” అంటూ తనూ ఏడ్చింది. మూడేళ్ళ మాటలన్నీ ఆ పిల్ల ఎక్కడ మింగేసిందో ఆ దేవుడికే తెలియాలి.

తర్వాతి సోమవారం డాక్టరమ్మ ఫంతాయె చేత షిఫ్టుకు ముందొకసారి, తర్వాతొకసారి ఊపిరి కొలిచే గొట్టంలోకి ఊదించింది. పొద్దున అంత ఎత్తుకు లేచిన ముల్లు సాయంత్రానికి సగానికి పడిపోయింది. డాక్టరమ్మ ఆ లెక్క రాసిచ్చిన కాగితం పట్టుకుని గెటనెహ్ భార్య దగ్గరికి వచ్చాడు. “నిన్ను నమ్మలేదు ఫంతా... నాన్నను చూసి కూడా నమ్మలేదు...” అన్నాడు. ఆమె అతని చెయ్యి నొక్కి వదిలింది.

కాగితం చూసి మిల్లువాళ్ళు ఇదిగో అదుగో అన్నారు. జెమానెష్ ఊరుకుంటుందా! పీట తెచ్చుకుని మేనేజరు గది ముందు మూడు రోజులు కూర్చుంది. పొమ్మన్నవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పింది. “మా ఆయన్ని ఇచ్చాను. కోడల్ని ఇవ్వను.” నాలుగో రోజున ఫంతాయెను బట్ట మడతపెట్టే విభాగానికి మార్చారు.

కొన్ని వారాల తర్వాత ఒక సోమవారం సాయంత్రం, షిఫ్టు దిగిన జనంలో ఫంతాయె బయటికొచ్చేసరికి గేటు పక్కన అత్తగారు నిలబడి ఉంది. పలకరింపు లేదు, ఏమీ లేదు! గబగబా వచ్చి, నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా, కోడలి వీపుకు చెవి ఆనించింది.

“పీల్చవే... ఊఁ... ఇంకోసారి...”

“బాగానే ఉన్నానత్తయ్యా! అందరూ నవ్వుతున్నారు...”

“నవ్వనీ.” జెమానెష్ చెవి తియ్యలేదు. వీపు మీద వెచ్చగా తడి తగిలింది ఫంతాయెకు. “పదకొండేళ్ళు ఈ గేటులోంచే వచ్చాడే మీ మామయ్య. ఒక్క సోమవారమన్నా నేను ఎదురు రాలేదే...”

ఫంతాయె వెనక్కి తిరిగి అత్తగారి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. “పదండత్తయ్యా. మెల్లగా నడుద్దాం.”

మిల్లు నుంచి ఇంటికి పావుగంట దారి. ఆ రోజు వాళ్ళకు గంట పట్టింది. ఏడుపు ఆపుకోలేక నాలుగడుగులకోసారి నిలబడిపోయింది జెమానెష్. ఆమె ఊపిరి కుదుటపడేదాకా కోడలు పక్కనే నిలబడింది.