మెర్రిగల్ లక్కీ డ్రా

"మేళా ఆపించు. లేదా కెమెరాలు నిషేధించు. ఏదో ఒకటి తేల్చు," అన్నాడు చీఫ్ హాలమ్, కారు అద్దం సగమే దించి.

ఏజెంట్ టెస్ మగ్వైర్ తల అడ్డంగా ఊపింది.

"రెండూ చెయ్యను సార్. ఇవాళ ఆపితే ఆ గూఢచారి ఫొటోగ్రాఫర్ రేపు ఇంకో ఊళ్లో తేలతాడు. వాడు ఎక్కడుంటాడో మనకి ముందే తెలిసింది ఈ ఒక్కసారే."

హాలమ్ గొంతు తగ్గించాడు. ఆర్మీ కొత్త హెలికాప్టర్ మధ్యాహ్నం ఇక్కడ, మేళా జనం ముందే దిగుతుంది. దాని ముక్కు కింద చిన్న పరికరం ఉంది. దూసుకొచ్చే మిసైల్‌ని అది గుడ్డిదాన్ని చేస్తుంది. గాల్లో ఉన్నంతసేపూ దాని మీద మూత ఉంటుంది. నేలను తాకగానే వేడి పోవడానికి ఆ మూత కాసేపు తెరుచుకుంటుంది. అప్పుడు ఒక్క ఫొటో దొరికితే చాలు, ఆ పరికరానికి విరుగుడు తయారవుతుంది.

"కెమెరా క్లిక్‌మన్న మరుక్షణం ఫొటో సముద్రం దాటిపోతుంది. తీశాక పట్టుకుంటే పట్టుకున్నట్టు కాదు. పైలట్ ఎవరో తెలుసుగా?"

"తెలుసు సార్. పొద్దున మా ఇంట్లో టోస్ట్ మాడ్చింది ఆయనే."

లాకీతో పెళ్లయి నెల కూడా కాలేదు. ఆఫీసువాళ్లు ఉంగరంలో రేడియో పెట్టి ఇస్తే, పెళ్లి ఉంగరం తియ్యనని టెస్ మొండికేసింది. ఆ రేడియో చివరికి, ఇవాళ కేకులమ్మే వేషానికి కట్టుకున్న ఏప్రన్ బొత్తాంలోకి చేరింది.

మేళా కమిటీ అధ్యక్షురాలు మెర్ల్ సంగతి విని ఇంతెత్తున లేచింది.

"వరదలో కూడా ఆగలేదే ఈ మేళా! ఎవడో దొంగచాటుగా ఫొటో తీస్తాడని గేటుకి తాళం వేస్తానా? రమ్మను వాణ్ణి. టికెట్ కొనుక్కుని మరీ రమ్మను!"

అంటూనే మైకు పరీక్షించడానికి "లక్కీ డ్రా" అంది. అంతే, సాసేజ్‌ల క్యూలో నిలబడ్డ వాళ్లందరి చేతులూ జేబుల్లోకి వెళ్లాయి.

"ఇంకా తియ్యలేదురా నాయనా! మూడింటికి!" అని కసిరింది మెర్ల్. టెస్‌కి నవ్వాగలేదు.

కేకుల స్టాల్‌లో టెస్ లామింగ్టన్లు, అంటే చాక్లెట్‌లో ముంచి కొబ్బరి అద్దిన కేకు ముక్కలు, సర్దుతూ ఉండగా వివియన్ వచ్చింది. తెల్లటి గౌను, వెడల్పాటి గడ్డి టోపీ, మెడలో కెమెరా. ఒకప్పుడు శత్రువుల మనిషి. రెండేళ్లుగా మన వైపు పనిచేస్తోంది. ఈ కబురు తెచ్చిందీ ఆమే.

"కేకు మీద కొబ్బరి ఎక్కువైనట్టుందే?"

"కొబ్బరి ఎప్పుడూ ఎక్కువవదు."

కోడ్ సరిపోయింది.

"ఆకుపచ్చ టోపీ, గడ్డం. కంచె దగ్గర నిలబడ్డాడు. వాడే," అంది వివియన్.

"మరి మీకెందుకండీ కెమెరా?"

"ఇవాళ ఇక్కడ కెమెరా లేనిదెవరికి చెప్పు?"

కదలబోతుంటే మెర్ల్ అడ్డం నిలబడింది. "చీటీ కొనందే కదలనివ్వను తల్లీ. మాంసం పళ్లెం బహుమతి!" వివియన్ చీటీ కొని, దానివైపు చూడనైనా చూడకుండా టోపీ రిబ్బన్‌లో దోపుకుంది.

అంతలో ఆకాశం దడదడలాడింది. హెలికాప్టర్ కొండ మీదుగా వచ్చి టెస్ వైపు ఒక్కసారి ముక్కు వంచింది. డ్యూటీలో ఉండి కూడా ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి.

వెయ్యి కెమెరాలు పైకి లేచాయి. గడ్డం మనిషి వెనక మఫ్టీ పోలీసులు నిలబడ్డారు. టెస్ అతన్ని పరిశీలనగా చూసింది. ఒక చేతిలో పొడవాటి లెన్సు, ఇంకో చేతిలో సాసేజ్. సాస్ లెన్సు మీదికి కారుతున్నా అతనికి పట్టలేదు.

గూఢచారి ఎవడైనా లెన్సు మీద సాస్ పోసుకుంటాడా? వీడు కాదు. మరెవరు?

హెలికాప్టర్ కిందికి దిగుతోంది. టెస్ స్టాల్ పక్కనున్న వేదిక వైపు పరుగెత్తింది.

"ఆంటీ, డ్రా ఇప్పుడే తియ్యండి!"

"పిచ్చా? మూడింటికి కదా. ఇప్పుడు తీస్తే ఊరు నన్ను బతకనిస్తుందా?"

"పైన లాకీ ఉన్నాడు ఆంటీ."

మెర్ల్ డబ్బాలో చెయ్యి పెట్టింది.

"మాంసం పళ్లెం! నీలం చీటీ! నంబరు నాలుగు... ఏడు..."

వెయ్యి కెమెరాలూ ఒక్కసారిగా కిందికి దిగాయి. గడ్డం మనిషి సాసేజ్ నోట్లో కరుచుకుని జేబులు తడుముకున్నాడు. కాపలా సైనికుడు తడుముకున్నాడు. మఫ్టీ పోలీసులూ తడుముకున్నారు!

ఒక్క లెన్సు మాత్రం కిందికి దిగలేదు. దాని మీద గడ్డి టోపీ నీడ ఉంది. అందరి కళ్లనీ గడ్డం మనిషి మీదికి మళ్లించిందీ ఆ టోపీ మనిషే.

చక్రాలు నేలను తాకాయి. మూత కదిలింది. టెస్ పక్క స్టాల్ మీంచి చేతికి అందిన లామింగ్టన్ తీసి ఆ లెన్సుకేసి విసిరింది. పెళ్లి విందులో కూడా క్రికెట్ బంతి వేసిన చెయ్యది, గురి తప్పలేదు.

చప్. క్లిక్.

సముద్రానికి అవతలివాళ్లకి అందిన ఫొటోలో చాక్లెట్ ఉంది, కొబ్బరి ఉంది. హెలికాప్టర్ లేదు.

చేతికి బేడీలు పడ్డాక వివియన్ అడిగింది: "ఎలా పట్టావ్?"

"మాంసం పళ్లెం నంబరు పిలుస్తుంటే చీటీ చూసుకోని మనిషి మా ఊళ్లో పుట్టలేదండీ," అంది టెస్.

మెర్ల్ రొప్పుకుంటూ పోలీసు కారు దగ్గరికి వచ్చింది. చేతుల్లో మాంసం ముక్కలు, సాసేజ్‌లతో నిండిన పళ్లెం. వివియన్ టోపీలో ఉన్న చీటీ నంబరు సరిచూసింది.

"నీకే తగిలిందమ్మాయ్. గూఢచారివైతే నాకేం, చీటీ కొన్నావు, గెలిచావు. మా మేళాలో మోసం ఉండదు. ఇంద!"

వివియన్ మొహం తిప్పుకుంది. "నేను మాంసం తినను."

మెర్ల్ టెస్ వైపు తిరిగింది.

"అయితే అందుకేనేమోనే, చీటీ చూసుకోనిది!"

టెస్ రిపోర్టులో అన్నీ రాసింది, ఆ ఒక్క మాట తప్ప.